వేటకు బైనాక్యులర్: తక్కువ డబ్బుతో ఎక్కువ వెలుతురు

వేటగాడి బైనాక్యులర్‌కు అసలు పరీక్ష పట్టపగలు జరగదు, సూర్యుడు కొండ చాటుకు దిగాక మిగిలే అరగంటలో జరుగుతుంది. జింకలూ దుప్పులూ వేకువనా మునిమాపునా మేతకు బయటికి వస్తాయి. ఎండ వేళ చెట్ల నీడన పడుకుని నెమరు వేసుకుంటాయి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పెద్ద జంతువుల వేటకు అనుమతి సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తర్వాత అరగంటతో ముగుస్తుంది. జర్మనీ చట్టం ఇంకాస్త ఉదారం. అక్కడ సూర్యుడు అస్తమించిన గంటన్నర తర్వాతే రాత్రి మొదలైనట్టు లెక్క. ఆ రాత్రిలో గిట్టల జంతువులను వేటాడకూడదు, అడవిపందికి మాత్రం మినహాయింపు ఉంది. మొత్తానికి జంతువు బయట తిరిగే వేళలో, చట్టం ఒప్పుకునే వేళలో పెద్ద భాగం మసక వెలుతురే.

రెండు వేల డాలర్ల బైనాక్యులర్‌నూ రెండు వందల డాలర్లదాన్నీ పక్కపక్కన పెట్టి మధ్యాహ్నం చూస్తే తేడా పట్టుకోవడానికి బాగా అలవాటుపడిన కన్ను కావాలి. మునిమాపు వేళ ఆ అవసరం ఉండదు. ఒకదాంట్లో పొద పక్కన జింక కనిపిస్తుంది, రెండోదాంట్లో పొద మాత్రమే కనిపిస్తుంది. తక్కువ డబ్బుతో కొనేవారు చేయవలసిందల్లా ఈ తేడాను వీలైనంత తగ్గించుకోవడం. అందుకోసం కొన్ని ఆశలు వదులుకోవాలి. వాటిలో మొదటిది పెద్ద అంకెల మీది మోజు.

బైనాక్యులర్ పని జంతువును కనిపెట్టడంతో అయిపోదు. అది వేటాడదగ్గ జంతువో కాదో తేల్చుకోవాలి. కొలరాడో రాష్ట్రంలో చాలా ప్రాంతాల్లో మగ ఎల్క్ దుప్పిని కొట్టాలంటే ఒక కొమ్ముకు కనీసం నాలుగు మొనలుండాలి, లేదా నుదుటి దగ్గర మొలిచే కొమ్మ కనీసం 5 అంగుళాల పొడవుండాలి. పొరపడితే జరిమానా తప్పదు. ఆరోగ్యమైన కన్ను విడదీసి చూడగల అతి చిన్న కోణం డిగ్రీలో సుమారు 60వ వంతు. 400 మీటర్ల దూరంలో 5 అంగుళాల కొమ్మ, అంటే 12.7 సెంటీమీటర్లు, కంటి దగ్గర చేసే కోణం ఇంచుమించు అంతే. మామూలు కంటికి అది ఉందో లేదో చెప్పలేని అంచున ఉందన్నమాట. 8 రెట్ల బైనాక్యులర్‌తో ఆ కోణం దాదాపు 9 వంతులవుతుంది, 10 రెట్లదానితో 11 వంతులవుతుంది. రెండింటిలోనూ కొమ్మ పొడవు అంచనాకు దొరుకుతుంది. ఒకటి నుంచి ఎనిమిదికి వచ్చినప్పుడు కలిగిన లాభం ముందు, ఎనిమిది నుంచి పదికి వెళితే కలిగే లాభం చిన్నది.

తుపాకీ మీదుండే స్కోపుతోనే చూసుకుంటే ఈ ఖర్చు మిగులుతుంది కదా అనుకునేవారు ఉంటారు. స్కోపులోంచి చూడటమంటే చూస్తున్నదాని మీదికి తుపాకీ గురిపెట్టడమే. పొద వెనక కదిలేది మరో వేటగాడైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే వేట శిక్షణలో స్కోపుతో వెతకడాన్ని గట్టిగా వారిస్తారు. మంచి స్కోపు కొని డబ్బంతా అక్కడే అయిపోయిందని బైనాక్యులర్ లేకుండా అడవికి వెళ్లడం తప్పుడు పొదుపు.

రెండు అంకెల మధ్య భాగహారం

ప్రతి బైనాక్యులర్ మీదా 8×42, 10×42, 7×50 అని రెండు అంకెలుంటాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. ఎనిమిది రెట్లయితే 800 మీటర్ల అవతలి జింక 100 మీటర్లలో ఉన్నంత పెద్దగా కనిపిస్తుంది. రెండోది ముందువైపు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. కొనేవారు ఈ రెంటినీ విడివిడిగా చూసి మురిసిపోతారు. అసలు సంగతి రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే తేలుతుంది.

బైనాక్యులర్‌ను చేయి చాపినంత దూరంలో ఆకాశం వైపు పట్టుకుని, కంటికి ఆనించే కటకంలోకి చూస్తే నల్లని నేపథ్యంలో చిన్న తెల్లని వృత్తం కనిపిస్తుంది. పరికరంలోంచి బయటికి వచ్చే వెలుతురంతా ఆ వృత్తం గుండానే వస్తుంది. దాన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. 42ను 8తో భాగిస్తే దాని వ్యాసం 5.25 మిల్లీమీటర్లు. 10×42కు 4.2, 8×32కు 4, జేబులో పట్టే 10×25కు 2.5, నావికులు వాడే 7×50కి 7కు కాస్త పైన.

ఈ వృత్తానికి జోడీ మన కంటిపాప. ఎండలో అది 2, 3 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. అప్పుడు ఎగ్జిట్ ప్యూపిల్ ఎంత పెద్దదైనా లోపలికి పోయే వెలుతురు అంతే. అందుకే మధ్యాహ్నం 10×25 కూడా బ్రహ్మాండంగా కనిపిస్తుంది, దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద కూడా మోసం తెలియదు. చీకటి పడేకొద్దీ కంటిపాప విచ్చుకుంటుంది. కుర్రవాళ్లలో 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకోవచ్చు. అప్పుడు కంటికి కావలసిన వెలుతురు కట్ట లావుగా ఉండాలి, చిన్న బైనాక్యులర్ దాన్ని ఇవ్వలేదు. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 8×42 ఇచ్చే వెలుతురు 10×42 ఇచ్చేదానికి ఒకటిన్నర రెట్లకు పైగా, 10×25 ఇచ్చేదానికి నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. ఒకే ధరలో, ఒకే కంపెనీ తయారీలో, కేవలం అంకె మార్చుకున్నందుకు వచ్చే లాభమిది. డబ్బు తక్కువున్నవారికి ఇంతకన్నా చౌకగా దొరికే వెలుతురు లేదు.

వయసు లెక్క కూడా ఇందులో ఉంది. కంటిపాప విచ్చుకునే శక్తి ఏళ్లతోపాటు తగ్గుతుంది; యాభై, అరవై దాటినవారిలో చాలామందికి 5 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అలాంటి కంటికి 7 మిల్లీమీటర్ల ఎగ్జిట్ ప్యూపిల్ ఉన్న బరువైన 8×56 కొనిపెడితే వచ్చే వెలుతురులో సగం కంటిపాప బయట పడి వృథా అవుతుంది. జర్మనీ, ఆస్ట్రియా అడవుల్లో మంచె మీద కూర్చుని రాత్రి అడవిపందుల కోసం కాచుకునేవారికి 8×56 సంప్రదాయ పరికరం. మంచె మీద బరువు సమస్య కాదు, చీకటే సమస్య. కొండలెక్కే వేటగాడికి ఆ లెక్క వర్తించదు.

ఒక అపోహను ఇక్కడే తీసేయాలి. ఏ బైనాక్యులరూ దృశ్యాన్ని ఉత్త కంటికి కనిపించేదానికన్నా ప్రకాశవంతంగా చూపించలేదు. పొలం, కొండవాలు, జింక ఒళ్లు వంటి పరచుకున్న ఉపరితలాల ప్రకాశం కటకాలతో పెరగదు. కటకాలు మింగేసిన మేరకు కొంచెం తగ్గుతుంది కూడా. అయినా మునిమాపులో బైనాక్యులర్‌తో ఎక్కువ కనిపించడానికి కారణం బొమ్మ పెద్దది కావడం. మసకలో కన్ను సన్నని వివరాలను పట్టలేదు, పెద్దవాటిని పట్టగలదు. ఈ రెండు సంగతులనూ ఒక్క అంకెలో చెప్పాలని ట్విలైట్ ఫ్యాక్టర్ అనే కొలత పెట్టారు: రెండు అంకెలనూ గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది. 8×42కు 18.3, 10×42కు 20.5. పెద్దదైతే మంచిదట. దీన్ని నమ్మి కొనేవారు ఒక చిన్న లెక్క వేసుకుంటే చాలు. 8×50కి ఈ విలువ 20. ఒక మిల్లీమీటరు ఎగ్జిట్ ప్యూపిల్‌తో సాయంత్రానికల్లా గుడ్డిదైపోయే 20×20కీ 20యే. పెట్టె మీద ఈ అంకె ఒక్కటే గొప్పగా ముద్రించి ఉంటే అనుమానించవచ్చు.

చేతి వణుకు

పెద్ద రెట్లకు ఇంకో అడ్డు చేయి. బైనాక్యులర్ దూరాన్ని ఎన్ని రెట్లు తగ్గిస్తే వణుకును అన్ని రెట్లు పెంచుతుంది. మెట్ట ఎక్కి ఆయాసపడుతూ చూసేవాడికి గుండె కొట్టుకోవడం కూడా బొమ్మలో తెలుస్తుంది. చేత్తో పట్టుకుని చూడటానికి 10 రెట్లు దాదాపు హద్దు; 12, 15 రెట్లకు ముక్కాలి స్టాండు కావాలి. ఆరిజోనా ఎడారి కొండల్లో తెల్లతోక జింకలను వెతికేవారు 15×56ను స్టాండు మీద బిగించి గంటల తరబడి ఎదుటి వాలును చూస్తారు. అక్కడ చూపుకు చెట్ల అడ్డు తక్కువ, దూరాలు కిలోమీటరు దాటుతాయి. దట్టమైన అడవిలో యాభై, వంద మీటర్లలో వెతికేవాడు వాళ్లను చూసి అదే కొంటే చెట్టు బెరడు తప్ప ఏమీ కనిపించదు.

రెట్లు పెరిగితే చూపు వెడల్పు తగ్గుతుంది. అమెరికాలో బాగా అమ్ముడయ్యే మధ్యస్థ ధర బైనాక్యులర్లలో ఒకటైన వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీలో 8×42 రకం వెయ్యి మీటర్ల దూరంలో సుమారు 131 మీటర్ల వెడల్పును చూపిస్తే, 10×42 రకం 110 మీటర్లనే చూపిస్తుంది. వెతకడంలో ఈ వెడల్పు పనికొస్తుంది. అనుభవమున్న వేటగాళ్లు నడుస్తూ చూడరు. కూర్చుని, మోచేతులు మోకాళ్లకు ఆనించి, కొండవాలును చాళ్లు దున్నినట్టు ఒక వరస తర్వాత ఒక వరసగా, ఒక్కో చాలు ముందుదాన్ని కాస్త ఒరుసుకుంటూ చూస్తారు. పూర్తి జింక కోసం వెతికితే దొరకదు. నిలువు చెట్ల మధ్య అడ్డంగా కనిపించే వీపు గీత, ఈగను తోలుకుంటూ ఒక్కసారి కదిలిన చెవి, కొమ్మల్లో కలిసిపోని కొమ్ము మొన, ఇలాంటి ముక్కలే ముందు కంటపడతాయి. టోపీ అంచును వేళ్లతో బైనాక్యులర్‌తో కలిపి పట్టుకుంటే వణుకు తగ్గుతుందని వాళ్లకు తెలుసు. పైసా ఖర్చు లేని స్టాండది.

పట్టకాల పాత కథ

1608లో హాన్స్ లిపర్‌హే హేగ్‌లో దూరదర్శిని హక్కు కోసం డచ్ ప్రభుత్వాన్ని అడిగినప్పుడే, రెండు కళ్లతో చూసేలా చేసి తెమ్మన్నారు. ఆయన చేసి ఇచ్చాడు కూడా. అయితే రెండు కుంభాకార కటకాలతో చేసిన దూరదర్శినిలో బొమ్మ తలకిందులుగా పడుతుంది. దాన్ని నిలబెట్టడానికి గొట్టం పొడవు పెంచాల్సి వచ్చేది. 1854లో ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో రెండు పట్టకాలతో వెలుతురును మడిచి, బొమ్మను తిన్నగా తిప్పే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో దొరికే గాజు దానికి చాలలేదు. ఎర్నెస్ట్ అబ్బే రూపకల్పనతో కార్ల్ జైస్ సంస్థ 1894లో పోరో పట్టకాల బైనాక్యులర్లను అమ్మకానికి పెట్టాకే ఆ ఊహ అందరి చేతికీ వచ్చింది. తాతల నాటి ఫొటోల్లో, యుద్ధం సినిమాల్లో కనిపించే భుజాలు వెడల్పైన బైనాక్యులర్లు ఇవే.

రెండో రకంలో గొట్టాలు తిన్నగా, సన్నగా ఉంటాయి. వీటిలో ఇంటికప్పు ఆకారపు అంచున్న రూఫ్ పట్టకాలుంటాయి. చూడటానికి ముచ్చటగా, పట్టుకోవడానికి తేలికగా ఉండటంతో మార్కెట్టును ఇవే ఆక్రమించాయి. కానీ చౌకగా చేసినప్పుడు వీటికి రెండు జబ్బులుంటాయి. కప్పు అంచు దగ్గర వెలుతురు రెండు పాయలుగా చీలి, ఒక్కో పాయ ఒక్కో దారిలో పరావర్తనం చెంది మళ్లీ కలుస్తుంది. ఆ దారుల్లో తరంగాల దశలు తేడా పడటంతో కలిసినప్పుడు బొమ్మ పదును తగ్గుతుంది. పట్టకం మీద పలుచని పూత వేసి ఈ దశాభేదాన్ని సరిచేసే పద్ధతిని జైస్ 1988లో తెచ్చింది. ఆ పూత లేని రూఫ్ బైనాక్యులర్ బొమ్మ ఎప్పుడూ కాస్త కడిగేసినట్టు ఉంటుంది. రెండోది, ఈ రకంలో ఎక్కువగా వాడే ష్మిట్-పెచాన్ పట్టకంలో ఒక ముఖం మీద సంపూర్ణాంతర పరావర్తనం జరగదు. అక్కడ అద్దం పూత వేయాలి. అల్యూమినియం పూత పడిన వెలుతురులో పదో వంతు దాకా మింగేస్తుంది. వెండి పూత చాలా తక్కువ మింగుతుంది. డైఎలెక్ట్రిక్ అనే పలు పొరల పూత ఒక శాతం కూడా మింగదు, కానీ ఖర్చు ఎక్కువ.

పోరో పట్టకాలకు ఈ రెండు పూతలూ అక్కర్లేదు. గాజు మంచిదైతే వాటిలో ప్రతి పరావర్తనమూ సంపూర్ణమే. అదీ కాక ముందు కటకాల మధ్య దూరం కళ్ల మధ్య దూరం కన్నా ఎక్కువ కాబట్టి పొదకూ దాని వెనకున్న జింకకూ మధ్య ఎడం బాగా తెలుస్తుంది. అందుకే నూటయాభై డాలర్ల లోపు పోరో రకం, అదే ధర రూఫ్ రకాన్ని బొమ్మ నాణ్యతలో చాలాసార్లు ఓడిస్తుంది. లోపాలు వేరేచోట ఉన్నాయి. ఒళ్లు పెద్దది, బరువు ఎక్కువ, చౌకవాటిలో ఫోకస్ చేసేటప్పుడు కంటికటకాలు బయటికీ లోపలికీ జరగడం వల్ల తేమ చొరబడుతుంది. నీరు చొరని పోరోలు లేకపోలేదు. నికాన్ యాక్షన్ ఎక్స్‌ట్రీమ్ 8×40 అలాంటిది, బరువు మాత్రం 850 గ్రాముల దాకా ఉంటుంది. రెండు వందల డాలర్లు దాటితే పరిస్థితి మారుతుంది. ఒకప్పుడు అత్యంత ఖరీదైన వాటికే పరిమితమైన దశాభేద పూత, డైఎలెక్ట్రిక్ పూత ఇప్పుడు ఆ ధరలోనే రూఫ్ రకాలకు వస్తున్నాయి. అక్కడి నుంచి రూఫ్ కొనడం తప్పు కాదు.

మాయమయ్యే వెలుతురు

గాలిలోంచి గాజులోకి వెళ్లేటప్పుడూ, గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడూ వెలుతురులో సుమారు 4 శాతం వెనక్కి తిరిగిపోతుంది. ఒక్క కిటికీ అద్దానికి ఇది లెక్కలోనిది కాదు. బైనాక్యులర్ ఒక్కో గొట్టంలో ఇలాంటి గాలి-గాజు సరిహద్దులు పది నుంచి పదహారు దాకా ఉంటాయి. పన్నెండు అనుకుంటే, పూతలేమీ లేనప్పుడు చివరికి కంటికి చేరేది 61 శాతం. పోయిన 39 శాతంలో కొంత లోపలే అటూ ఇటూ తిరిగి బొమ్మ మీద పొగమంచులా పరుచుకుంటుంది కూడా. 1935లో జైస్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మకూలా కటకం మీద అతి పలుచని పూత వేస్తే ఈ నష్టం తగ్గుతుందని చూపి పేటెంటు తీసుకున్నాడు. పూత పైముఖం నుంచీ కింది ముఖం నుంచీ తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం దీని కిటుకు. మెగ్నీషియం ఫ్లోరైడ్ ఒక్క పొరతో నష్టం ఒక్కో సరిహద్దుకు 1.5 శాతానికి తగ్గుతుంది, పన్నెండు దాటాక 83 శాతం మిగులుతుంది. పలు పొరలతో అర శాతానికి దిగితే 94 శాతం మిగులుతుంది.

పెట్టె మీది మాటలను ఈ వెలుగులో చదవాలి. ఉత్త ‘కోటెడ్’ అంటే ఏదో ఒక ముఖం మీద ఒక పొర ఉందని. ‘ఫుల్లీ కోటెడ్’ అంటే గాలి తగిలే అన్ని ముఖాల మీదా ఒక్కో పొర ఉందని. ‘మల్టీ కోటెడ్’ అంటే కొన్ని ముఖాల మీద పలు పొరలున్నాయని. ‘ఫుల్లీ మల్టీ కోటెడ్’ అంటేనే అన్ని ముఖాల మీదా పలు పొరలున్నాయని. వేటకు ఈ చివరిది తప్ప మిగతావి పనికిరావు. మాట నిజమో కాదో కొంతవరకు దుకాణంలోనే తేల్చుకోవచ్చు. ముందు కటకంలో ట్యూబ్‌లైట్ ప్రతిబింబాలు చూడాలి. లోతులో వరసగా చాలా కనిపిస్తాయి. అన్నీ మందంగా ఆకుపచ్చ, ఊదా, నీలం ఛాయల్లో ఉంటే పూతలున్నట్టే. ఎక్కడైనా తెల్లగా, ధగధగలాడే ప్రతిబింబం కనిపిస్తే ఆ ముఖానికి పూత వేయలేదు. కటకమంతా కెంపులా ఎర్రగా మెరుస్తుంటే దాన్ని అక్కడే వదిలేయాలి. ఆ పూత ఎర్రని వెలుతురును వెనక్కి కొట్టి బొమ్మను ఆకుపచ్చ చేస్తుంది. చౌక కటకాల రంగుల తప్పును దాచడం తప్ప వేటగాడికి దానితో ఒరిగేది లేదు.

ముందు చెప్పిన ఎగ్జిట్ ప్యూపిల్‌ను చూసే పద్ధతిలో గాజు సంగతి కూడా తేలుతుంది. పోరో పట్టకాలకు బ్యాక్-4 రకం గాజు మంచిది. దాని వక్రీభవన గుణకం 1.57 దగ్గర ఉంటుంది. చౌకలో వాడే బీకే-7కు 1.52. గుణకం తక్కువైతే వాలుగా పడే కిరణాలు కొన్ని పరావర్తనం చెందకుండా పట్టకంలోంచి జారిపోతాయి. చేయి చాపి ఆకాశం వైపు చూసినప్పుడు ఎగ్జిట్ ప్యూపిల్ గుండ్రంగా, అంచుల దాకా ఒకే తెలుపుతో ఉంటే సరే. నాలుగు పక్కలా బూడిద నీడలు కోసుకొచ్చి వృత్తం చదరంలా కనిపిస్తే బీకే-7 అని గాని, పట్టకాలు చిన్నవి చేశారని గాని అర్థం.

ఈడీ గాజు కొంత ఖరీదైన మోడళ్లలో వస్తుంది. తెల్లని ఆకాశం మీద నల్లని కొమ్మ చుట్టూ కనిపించే ఊదా అంచును అది తగ్గిస్తుంది. ఉంటే మంచిదే, కానీ పూతలు సరిగ్గా లేని బైనాక్యులర్‌లో ఈడీ గాజు కోసం డబ్బు పెట్టడం వరస తప్పడమే. ‘హెచ్‌డీ’ అనే ముద్రకు ప్రామాణిక అర్థమేదీ లేదు, ఎవరైనా వేసుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో కనిపించే ‘100 రెట్ల’ బైనాక్యులర్లది మరీ దారుణం. లోపల చూస్తే అవి 8 రెట్లో 10 రెట్లో ఉంటాయి. జూమ్ రకాలు నిజమే గాని, రెండు గొట్టాల్లో కదిలే కటకాలు ఒకే తీరులో కదలాలంటే ఖచ్చితత్వం కావాలి, అది తక్కువ ధరలో రాదు. చూపు వెడల్పు కూడా ఇరుకు. ఫోకస్ చక్రం లేని రకాలు, దూరం కొలిచే లేజరున్న రకాలు: మొదటివి ఏ ధరకైనా వద్దు, రెండోవి ఈ బడ్జెట్టుకు అందవు.

వాన, మంచు, కళ్లద్దాలు

నీరు చొరకపోవడం వేటలో విలాసం కాదు. వెచ్చని కారులోంచి చలిలోకి దిగినప్పుడు గొట్టంలోని తేమ లోపలి కటకాల మీద ఆవిరిగా పేరుకుంటే తుడవడానికి దారి లేదు. అందుకే గొట్టాలను రబ్బరు రింగులతో మూసి, తేమ లేని నైట్రోజన్‌తో నింపుతారు. ఆర్గాన్ నింపామని ఎక్కువ అడిగితే ఇవ్వక్కర్లేదు; రెండూ చేసే పని ఒకటే. కళ్లద్దాలు పెట్టుకునేవారు కంటికటకం నుంచి కంటికి ఉండగల దూరం కనీసం 15 మిల్లీమీటర్లు ఉందో లేదో చూసుకోవాలి. అంతకన్నా తక్కువైతే బొమ్మ అంచులు కనిపించవు, వెడల్పుకు పెట్టిన డబ్బు పోయినట్టే. 8×42 రూఫ్ రకాల బరువు సాధారణంగా 600 నుంచి 800 గ్రాములు. దాన్ని మెడకు సన్నని తాడుతో రోజంతా వేలాడదీస్తే ఎవరికైనా విసుగొస్తుంది. భుజాల మీదుగా వెళ్లే పట్టీ కొద్ది ఖర్చుతో దొరుకుతుంది.

చౌక బైనాక్యులర్లలో ఎక్కువగా దెబ్బతీసేది మాత్రం పెట్టె మీద ఎక్కడా రాయని లోపం. రెండు గొట్టాల చూపు ఒకే దిక్కుకు ఉండాలి. కొంచెం పక్కకు పోయినా కళ్లు వాటంతటవే సర్దుకుంటాయి, కాబట్టి దుకాణంలో రెండు నిమిషాల్లో తెలియదు. కొండ మీద గంట చూశాక తలనొప్పి వస్తుంది. వంద మీటర్లకు పైబడిన దూరంలో అడ్డంగా ఉన్న కరెంటు తీగనో ఇంటి కప్పు అంచునో చూస్తూ బైనాక్యులర్‌ను కళ్ల నుంచి నెమ్మదిగా కొన్ని అంగుళాలు వెనక్కి జరపాలి. రెండు వృత్తాల్లోనూ గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒకదాంట్లో పైకో కిందికో ఉంటే తిరిగి ఇచ్చేయాలి. ఇంట్లో బాగుచేసుకునే పని కాదిది. కింద పడిన సెకండ్‌హ్యాండ్ బైనాక్యులర్లలో ఈ లోపం తరచూ ఉంటుంది.

బాగాలేదని తిప్పి పంపే వాటిలో కొన్ని నిజానికి సరిచేసుకోక మసకగా కనిపించేవి. రెండు కళ్ల చూపు అందరికీ సమానంగా ఉండదు. ముందు కుడివైపు కటకాన్ని మూసి, సన్నని వివరాలున్న దేన్నైనా ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రంతో ఫోకస్ చేయాలి. తర్వాత ఎడమవైపు మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా కుడి కంటికటకం దగ్గరి రింగును తిప్పి అదే వస్తువును పదును చేయాలి. ఆ రింగు స్థానాన్ని గుర్తుపెట్టుకుంటే తర్వాత ఎప్పుడూ మధ్య చక్రం ఒక్కటే చాలు.

ధర విషయంలో నేటి మార్కెట్టు కొనేవారికి అనుకూలంగానే ఉంది. చైనాలోని కున్మింగ్ వంటి చోట్ల ఉన్న కర్మాగారాల్లో ఎన్నో కంపెనీల బైనాక్యులర్లు తయారవుతాయి. కాబట్టి తెలియని పేరైనా సరైన పూతలుంటే తీసిపారేయక్కర్లేదు, పెద్ద పేరున్నంత మాత్రాన దాని అతి చౌక మోడల్ మంచిదీ కాదు. కంపెనీల మధ్య అసలు తేడా హామీలో ఉంటుంది. వోర్టెక్స్ తన బైనాక్యులర్లకు రశీదు లేకున్నా, చేతులు మారినా చెల్లే జీవితకాల హామీ ఇస్తుంది. ఆ ధర పరికరానికి అది చిన్న విషయం కాదు. కొండల్లో తిరిగేవాడికి నూటయాభై డాలర్ల లోపు పోరో 8×40, రెండు వందలు దాటితే పూతలన్నీ ఉన్న రూఫ్ 8×42. ఎక్కువగా బయలు నేలల్లో దూరాలు చూసేవాడికి మాత్రమే 10×42.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కొద్ది మినహాయింపులతో వేటను నిషేధించింది. ఇక్కడ బైనాక్యులర్లు కొనేది ఎక్కువగా పక్షులను చూసేవారు. నేలపట్టు చెట్ల మీద గూడబాతులనో, పులికాట్ నీళ్లలో రాజహంసలనో చూసేది చాలావరకు బాగా తెల్లవారాక. ఆ వెలుతురుకు 4 మిల్లీమీటర్ల ఎగ్జిట్ ప్యూపిల్ సరిపోతుంది కాబట్టి 8×32తో బరువూ ఖర్చూ తగ్గించుకోవచ్చు. కోస్తా తేమకు కటకాల మీద బూజు పడుతుంది. వాడని రోజుల్లో గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. ఒకసారి బూజు పూతను తినేశాక దాన్ని తుడిచినా పూత తిరిగి రాదు.